ఏడు కట్టల గరిటెలు

మొన్న సాయంత్రం అసర్ నమాజు ముగించి జానమాజు చాప మడుస్తుంటే, పక్కగదిలో చెక్క గరిటె అరచేతి మీద పడిన చప్పుడు వినబడింది. ఎక్కం తప్పు చెప్పిందని మా అమ్మాయి తన కూతురిని కొడుతోంది. వంకర తిరిగిన నా కుడి చూపుడువేలు ఇన్నేళ్ల తర్వాత కూడా తనంతట తానే ముడుచుకుంది.

ఉదయగిరిలో మాది చెక్క గరిటెలు చెక్కే ఇల్లు. బడి ముఖం నేనెరగను. నాలుగు లెక్కలు వచ్చాయంటే అల్లా దయ, ఆ పైన మా అబ్బా పట్టుదల. ఆడపిల్లను పని పక్కనే కూర్చోబెట్టుకుని పలక పట్టించిన తండ్రి మా వీధిలో ఆయనొక్కరే, కానీ చెప్పినంతసేపూ ఆయన చేతిలో గరిటె కాడ ఉండేది, అది నా వీపున పడని రోజు లేదు. ఒకరోజు పదో ఎక్కం రాక నీళ్లు నములుతుంటే, ఇదే ఆఖరు, చెప్పలేకపోతే చదువు మానిపించి గరిటెలు నునుపుచేసే పనిలో వేస్తానన్నారు. పదేసి గరిటెల కట్టలు ఏడుంటే మొత్తం ఎన్నని అడిగారు. ఎనభై నాలుగన్నాను.

పలక గోడకు తగిలి ముక్కలైంది. కాడ నా వేళ్ల మీద పడింది, మళ్లీ పడింది, ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది, చెక్కపొట్టు నెత్తురుతో తడిసింది. మూడో దెబ్బకు అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. గాజులు పగిలి ఆమె మణికట్టులో దిగాయి.

"కొట్టబాకండి. మనింట్లో కట్టంటే పన్నెండు గదా, బిడ్డ ఆ లెక్కే చెప్పినాది."

అక్షరం రాని మా అమ్మ, నెత్తురు కారే చేత్తోనే ఏడు కట్టలు విప్పి, ఒక్కోదాన్నుంచి రెండేసి తీసి పక్కన పెట్టి, మిగిలినవి లెక్కపెట్టమంది. ఏడుస్తూనే డెబ్బై అన్నాను. అబ్బా కాడ కింద పెట్టేశారు. మరునాడు ఏ.ఎస్.పేట దర్గా దగ్గర సరుకు అమ్మి, కొత్త పలకతో వచ్చారు. తప్పయిందని ఆయన నోట ఎన్నడూ రాలేదు, ఆ కాడ మళ్లీ పైకి లేవనూ లేదు.

నమాజులో అల్లా ఒక్కడేనని సాక్ష్యం పలుకుతూ ఎత్తినప్పుడు ఆ వేలు తిన్నగా నిలవదు. అప్పుడల్లా అమ్మకు దువా చేస్తాను, అబ్బాకు కూడా.

పక్కగదికి పోయి ఆ వేలు మా అమ్మాయి ముందు పెట్టి జరిగింది చెప్పాను.

"తలుపు సందులో నలిగిందంటివి గదమ్మా," అన్నది.

"మా అబ్బా, మీ నానా, మంచోడని నువ్వు అనుకోవాలనే," అన్నాను.

కట్టలు కట్టలుగా గరిటెలు పేర్చిన ఇంట్లో ఇప్పుడు మిగిలింది మా అమ్మాయి చేతిలో ఉన్న ఆ ఒక్కటే. తీసుకుపోయి వంటింట్లో పెట్టి, విప్పి చూపడానికి కట్టలు లేవు కనుక, దోసెడు చింతగింజలు తెచ్చి మనవరాలి ముందు పోశాను. అది గింజ తీసుకోవడానికి కాదు, దెబ్బ కోసం చెయ్యి చాపింది.