రాతికి తాళమెందుకంట

పొద్దున వెబ్‌సైటు తెరిస్తే వినాయకుడి విగ్రహం పక్కన మగతనం మాత్రల ప్రకటన ఉంది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే సుబ్బన్నకు నేను చేసిచ్చిన సైటది. కాపలాగా పెట్టిన సెక్యూరిటీ ప్లగిన్ ఆగిపోయింది. కొత్త అప్‌డేట్ వల్లేమోనని నంద్యాలలో కూర్చుని మధ్యాహ్నం దాకా తల బాదుకున్నా. తీరా చూస్తే ఆపింది సుబ్బన్న లాగినే. ఇంటాయనే తలుపు తీసి దొంగలను పిలిచినాడు.

బస్సెక్కి పోయినా. ఆయన రోడ్డు పక్కన విగ్రహాల మధ్య బీడీ తాగుతాండాడు.

“ప్లగిన్ ఎందుకు ఆపినావన్నా?”

“పాస్‌వర్డ్ తప్పు కొట్టినానని నన్నే గంటసేపు బయట నిలబెట్టిందప్పా. లోపలికి పోంగానే దాన్ని ఆపేసినా. ఈ విగ్రహాలు రాత్రంతా రోడ్డు మీదే ఉంటాయి, ఎవడన్నా ముట్టినాడా? రాతికి తాళమెందుకు?”

రాతిని ఎత్తుకపోవాలంటే క్రేను కావాల, సైటుకు అక్కర్లేదన్నా అని చెప్పినా. వింటేగా. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి ఉలుల పెట్టె తెరిచినాడు. ఆ పెట్టెకు అరచేయంత తాళం.

“మరి దీనికెందుకన్నా?”

“ఉలి పోతే పనెట్ల చేయాల?” అని బుద్ధి లేనోడిని చూసినట్ల నన్ను ఎగాదిగా చూసినాడు.

ఆడనే ఉండే నెట్ సెంటర్‌లో కూర్చుని మాత్రలన్నీ ఏరిపారేసి, ప్లగిన్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ మార్చేసినా. కొత్తది ఆయనకు చెప్పలేదు. అడిగితే ముందు ఉలుల పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టమంటా. మీరైతే చెప్తారా?