ఒక్కపొద్దు

తాజున్నీసాది కడప. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో పదకొండేళ్ళుగా నర్సు. హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరుతో ఆమెకు తృప్తి కలగలేదు. రోగి గోడు వినేది తను, మందు రాసేది డాక్టరు. అందులో సగం తను చెప్పిందే. అందుకే నలభయ్యో ఏట ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ సర్టిఫికెట్ కోర్సులో చేరింది. పాఠాలు కంప్యూటర్‌లో, పని క్లినిక్‌లో. ఐదు వందల గంటలు రోగులను తానే పరీక్షించి, జబ్బు తేల్చి, మందు సూచించి, లాగ్‌బుక్‌లో రాయాలి. క్లినిక్‌లోని ఈజిప్టు డాక్టరు సంతకం పెడితేనే ఆ గంటలు లెక్క.

ఇంతలో ఇంతమంది సౌదీలకు ఉద్యోగాలివ్వాల్సిందేనన్న నితాఖాత్ నిబంధన వచ్చిపడింది. సౌదీ ఉద్యోగులు చాలక క్లినిక్ ఎరుపు రంగులోకి జారింది. ఎరుపులో ఉంటే అక్కడి విదేశీయుల్లో ఎవరి నివాస అనుమతీ, అదే ఇఖామా, రెన్యూ కాదు. విదేశీయుల కుటుంబాల మీద తలకింత లెవీ వేసిన ఏడే భర్త నన్నే సాహెబ్ కూతురిని తీసుకుని కడపకు వెళ్ళిపోయాడు. ఇక తన ఇఖామా ముగిసేలోగా గంటలు పూర్తి కావాలి. లేదంటే రెండేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే.

ఆ రోజుల్లోనే జగిత్యాల వైపు మేస్త్రీ లింబాద్రి అరికాళ్ళు మండుతున్నాయని వచ్చాడు. షుగరేమోనని మర్నాడు పొద్దున్నే ఒక్కపొద్దుతో రమ్మంది. పరీక్షలో ఎక్కువే వచ్చింది. రెండోసారి చూడాలని పుస్తకంలో ఉంది. గంటల తొందరలో ఆమె ఆగలేదు. మాత్ర సూచించింది, డాక్టరు సరేనన్నాడు.

పది రోజులకు లింబాద్రి పరంజా మీదే చెమటలు పట్టి కూలబడ్డాడు. తోటివాళ్ళు పట్టుకున్నారు కాబట్టి బతికాడు. షుగర్ పడిపోయింది. తాజున్నీసా గ్లూకోజ్ ఎక్కించి, అతను తేరుకున్నాక అడిగింది.

"ఆ పొద్దు పరీక్షకు ముందర ఏం తింటివి, నాయనా?"

"ఒక్కపొద్దే ఉన్న సిస్టర్. రెండు అరటివండ్లు, గిలాసెడు పాలు. గంతే."

తాజున్నీసా ఇంట్లో ఒక్కపొద్దంటే రోజా. పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. లింబాద్రి ఇంట్లో ఒక్కపొద్దంటే శనివారం. అన్నం ఒక్క పూటే, పండూ పాలూ తప్పు కాదు. ఇద్దరిదీ తెలుగే, అదే వచ్చిన చిక్కు. ఆ మాట ఇంకెంతమందికి చెప్పానో అని ఆమెకు సిగ్గేసింది, భయమూ వేసింది.

లాగ్‌బుక్‌లో ఎండదెబ్బ అని రాస్తే సరిపోయేది. అడిగేవాళ్ళు లేరు. ఇంకా కావలసినవి తొమ్మిది గంటలు, ఇఖామాకు ఉన్నది వారం. ఆమె ఉన్నదున్నట్టు రాసింది. డాక్టరు రెండుసార్లు చదివి, ఒక్కపొద్దు మాటతో షుగర్ పరీక్షలు చేయించిన నలభై గంటలనూ కొట్టేశాడు. ఇక ఆ వారంలో అన్ని గంటలు నిండే దారి లేదు.

ఫైనల్ ఎగ్జిట్ మీద ఆమె సౌదీ విడిచి వెళ్ళే ముందురోజు, మాత్రలు ఆపేసిన లింబాద్రి మళ్ళీ పరీక్షకు వచ్చాడు. నీళ్ళు తాగొచ్చని, ఇంకేమీ తినొద్దని ఆమె విడమరచి చెప్పే పంపింది. అయినా అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఈసారి మీ ఒక్కపొద్దున్న సిస్టర్. నీళ్ళు గూడ తాగలే."

షుగర్ మామూలుగా ఉంది. అతనికి ఆ జబ్బే లేదు. అరికాళ్ళ మంట ఇరుకు బూట్లది. తాజున్నీసా గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చి, అతను తాగేదాకా పక్కనే నిలబడింది. ఆ పూట పని ఏ లాగ్‌బుక్‌లోనూ చేరలేదు.