గార్డు పెట్టె నుంచి మొదలు

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ పక్కింటి బెంగాలీ దీదీ ఫోన్ చేసి, "తోమార్ పిషీ..." అని ఆగిపోయింది. తోమార్ పిషీ అంటే మీ మేనత్త. హిజ్లీ నుంచి టోటో రిక్షా ఎక్కి నింపురాలో ఆవిడ ఇంటికి వెళ్తున్నంతసేపూ నా వేళ్లు ఒళ్లో వాటంతట అవే ఒక పాట వాయిస్తున్నట్టు కదులుతూ ఉన్నాయి. ఆ రోజు ఆవిడ ముందు కూర్చుని వినాల్సిన పాట అది.

అత్త ఇక్కడి ఒక బడిలో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. తరవాత ఇంట్లోనే పియానో నేర్పేది. శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ ఊరికి రైల్వే పనికి వచ్చిన కుటుంబం మాది, తాత నింపురా యార్డులో రైలు పెట్టెలు విడదీసి కలిపే షంటింగ్ పని చేసేవాడు. అలాంటి ఇంట్లో పియానో ఏమిటని అడగని చుట్టం లేడు. రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆంటీ అత్తకు చిన్నప్పుడు నేర్పి, ఊరు వదిలి వెళ్తూ ఆ పియానో కూడా ఇచ్చేసి వెళ్లిందట. "పెళ్లి సేసుకోయే అంటే పెట్టి తెచ్చుకున్నాది" అని నానమ్మ బతికున్నన్నాళ్లూ సణిగింది. అత్త పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో అందరికీ అది పెట్టే, పియానో అన్నవాళ్లు లేరు.

వానాకాలంలో చెమ్మకి మెట్లు బిగుసుకుపోతాయని దాని కడుపులో ఒక చిన్న బల్బు ఎప్పుడూ వెలిగించి ఉంచేది. కరెంటు పోతే అత్త ముందు ఫ్యాను కోసం కాదు, ఆ బల్బు కోసం కంగారుపడేది.

నేను ఆవిడ దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో అందరు పిల్లల్లాగే పాట మొదటి నుంచి ఎత్తుకుని, తప్పు వచ్చిన చోట నాలిక కరుచుకుని, మళ్లీ మొదటికి వెళ్లేదాన్ని. అత్త వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది.

"ఏటే, ఏటి సేస్తన్నావు?"

"ప్రాక్టీసు."

"ప్రాక్టీసు కాదిది, ప్యాసింజరు బండి. స్టేషనొస్తే ఆగిపోతన్నావు, మళ్లీ హౌరా ఎల్లిపోయి బయల్దేరతన్నావు. బాగా వొచ్చినదే వొందసార్లు వాయిస్తే రానిది ఎలాగొస్తాది గుంటా?"

అప్పుడు చెప్పింది షంటింగ్ గురించి. ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ, తెలుగువాళ్లకీ బెంగాలీలకీ, ఆ మాట తెలుసు. బండి ఎక్కడ ఊడిపోయిందో అక్కడి రెండు పెట్టెలే తీసుకోవాలి. ముందుకీ వెనక్కీ, మెల్లగా, తగిలిన చప్పుడు కూడా వినపడనంత మెల్లగా కలపాలి. చెయ్యి వేసే ముందు రాబోయే స్వరం లోపల వినపడాలి. అంతవరకూ చేతులు ఒళ్లోనే. "లైన్ క్లియర్ రానేదు, బండి తియ్యకు" అనేది. బాగా పలికిన మరుక్షణం లేచిపొమ్మనేది, ఆ బాగే రాత్రంతా వేళ్లలో ఉంటుందని.

అన్నిటికన్నా వింత, పాటని చివరి నుంచి నేర్పడం. ముందు ఆఖరి లైను, తరవాత దాని ముందుది. "గార్డు పెట్టి ముందు తగిలించు" అనేది. నేను ఊరుకునే రకం కాదు. గార్డు పెట్టె చివర కదా ఉండేది అని వాదించాను.

"అది రైలు, ఇది పాట. సివర తెలిసుంటే తెలిసిన ఊరికి ఎల్తున్నట్టుంటాది. తెలిసిన ఊరికి ఎల్లడానికి భయమేటి?"

ఇన్ని నేర్పినా నేను గొప్పగా వాయించే మనిషిని కాలేదు. కానీ రానిదాన్ని చూసి పారిపోకుండా, దాని ఎదురుగా కూర్చోవడం వచ్చింది. అది ఆవిడ పెట్టిన భిక్షే.

అయితే ఆ మాటల అసలు బరువు నాకు తెలిసింది ఆవిడకు పక్షవాతం వచ్చాకే. ఎడమ పక్క పడిపోయింది. నడక కొంత తిరిగి వచ్చింది కానీ ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో వేరే ఎవరిదో చెయ్యిలా పడి ఉండేది. ఇంటికి వచ్చిన రోజే పియానో ముందు కుర్చీ వేయించుకుంది. ఆంటీ తనకు మొట్టమొదట నేర్పిన చిన్న పాట ఉంది, ఉయ్యాల ఊపినట్టు సాగుతుంది. దాని స్వరాల కాగితం తీసి ముందు పెట్టమంది.

"ఒక్కసారి, రెండు సేతుల్తోటీ, పూర్తిగా. అంతే నాకు కావాల్సింది" అంది.

కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి మెట్ల మీద పెట్టుకునేది. చిటికెన వేలు కదిలేదాకా దాన్నే చూస్తూ కూర్చునేది. కదిలిన రోజున ఒకే స్వరం పలికింది, ఆఖరి లైనులో ఆఖరిది. పలికిందో లేదో మూత వేసేసి, టీ పెట్టమంది. పిల్లలకు చెప్పిన మాటని, వాళ్ల పాఠం అయిపోయాక గోడకి తగిలించెయ్యకుండా, తన చచ్చుబడిన చేతి మీద అక్షరం తేడా లేకుండా అమలు చేస్తున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఆదివారం ఆదివారం వెళ్లేదాన్ని. కొన్ని వారాలు ఏమీ ముందుకు జరిగేది కాదు. నాకే ఓపిక చచ్చి, "అత్తా, ఎడమచేతిది నేను వాయిస్తాను, కుడిచేతిది నువ్వు వాయించు. ఈవేళే పాట అయిపోద్ది" అన్నాను.

"డబల్ ఇంజన్ కడతావేటి? కొండెక్కే ఘాటు రానేదు కదే ఇంకా" అని నవ్వింది. మూతి ఒక పక్కకే నవ్వింది.

రెండేళ్లకు దగ్గరగా పట్టింది. ఆవిడ ఆఖరి ఆదివారం రెండో లైను నుంచి చివరిదాకా రెండు చేతులతో ఆగకుండా వాయించింది. ఎడమచెయ్యి కుడిచేతికి తగిలిన చప్పుడు నాకెక్కడా వినపడలేదు. కిటికీ అవతల దీదీ చేతిలో గరిటతో అలాగే నిలబడిపోయింది. నేను ఏడ్చాను, సిగ్గుపడలేదు.

అత్త మాత్రం ఎడమచేతిని ఒళ్లోకి దించుకుని, "వొచ్చే ఆదివారం మొదటి లైను. ఇంజను తగిలిస్తే బండి రెడీ" అంది.

ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే దీదీ ఫోన్ వచ్చింది.

కర్మలన్నీ ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక ఇల్లు సర్దడానికి వెళ్లాను. పియానో మూత తీస్తే లోపల బల్బు వెలుగుతూనే ఉంది. మెట్ల సందుల్లోంచి సన్నగా వెలుగు పైకి వస్తోంది. పాట ఆవిడ పెట్టుకున్న చోటే ఉంది. నేను కూర్చుని, లోపల వినపడేదాకా ఆగి, మొదటి లైను వాయించాను. రెండు చేతులతో, మెల్లగా. లైను అయిపోయిన చోట చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఆవిడది.

కిటికీ అవతల బట్టలు ఆరేస్తున్న దీదీ తడిచీర పట్టుకుని ఆగింది. పాట చివరిదాకా ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఇద్దరం కదల్లేదు.