ఎడమ జేబులో ఒక పుల్ల

మా బస్సులో కూర్చుని పనిచేసేది నేనొక్కణ్నే. డ్రైవర్ని. నా వెనక పదకొండేళ్లుగా నిలబడి పనిచేస్తున్న మనిషి మా కండక్టరమ్మ. ఆమెకూ తలుపు పక్కన ఒక సీటుంది, పేరుకి. అందులో ఎప్పుడూ ఏ ముసలావిడో, చంటిబిడ్డ తల్లో కూర్చుని ఉంటుంది. వాళ్లని లేపడం ఆమెకు చేతకాదు.

బస్సు ఊళ్లోంచి బయల్దేరి సముద్రం పక్కనున్న కొండ ఎక్కుతుంది. పై స్టాపులో దిగినవాళ్లు కొండ వెన్ను మీది గట్టు దారి పట్టుకుని మూడు గంటలు నడిచి కింది స్టాపు దగ్గర తేలుతారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క లోయ. చాలా బాగుంటుందట. అట అని ఎందుకంటున్నానంటే, మేమిద్దరం ఒక్కసారి కూడా నడిచి ఎరగం. సెలవు దొరికితే నేను మంచం దిగను, ఆమె వేణ్ణీళ్ల బకెట్లోంచి కాళ్లు తియ్యదు.

ఆమె చేరిన కొత్తలో ఒక నడకమనిషి పైన జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతను రాలేదన్న సంగతి మాకు తెలియదు, ఆఖరి బస్సు తీసుకుని వచ్చేశాం. తెల్లారాక దొరికాడు. బతికాడు గానీ, ఆ మర్నాటి నుంచి ఈమెకు అగ్గిపుల్లల పిచ్చి పట్టుకుంది. గట్టు కోసం పై స్టాపులో దిగిన ప్రతి మనిషికీ ఒక పుల్ల ఎడమ జేబులో వేసుకుంటుంది. ఆ మనిషి కింద ఎక్కగానే పుల్ల కుడి జేబులోకి మారుతుంది. "వేరే దారిన ఇంటికెళ్లేట్టయితే నాకో, డ్రైవరు అన్నయ్యకో చెప్పి మరీ వెళ్లండి" అని దిగేవాళ్లకల్లా చెబుతుంది. ఎడమ జేబు ఖాళీ అయితేగానీ ఆఖరి బస్సు కదలదు.

ఆ పుల్లల మూలంగా మాకు ఆలస్యాలు, ఆలస్యాల మూలంగా అక్షింతలు. నా తల ప్రాణం తోకకొచ్చేది. అయినా పాత కండక్టర్ల కంటే ఈమె వెయ్యి రెట్లు నయం. ఒకడు నిలబడే నిద్రపోయేవాడు, ఇంకొకడు ప్రయాణికులతో కొట్లాటకు దిగేవాడు. ఈమె మలుపు రాకముందే బెల్లు కొట్టి హెచ్చరిస్తుంది. మధ్యాహ్నం నా షుగరు మాత్ర నాకంటే ముందు ఆమెకు గుర్తొస్తుంది. రెండో రోజు నుంచే నన్ను అన్నయ్యా అని పిలిచింది. నాకు తోబుట్టువులు లేరు.

ఆమె పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. నిలబడే పని మానెయ్యమన్నాడు డాక్టరు. డిపోలో పాసులిచ్చే కిటికీ దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయితే ఆమె అర్జీ పెట్టుకుంది. మేనేజరు ఒకే షరతు పెట్టాడు. ఈ నెలంతా ఆఖరి బస్సు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా రావాలి. ఇరవై తొమ్మిది రోజులు వేళకే వచ్చాం.

ముప్పయ్యో రోజు సాయంత్రం కింది స్టాపులో అందరూ ఎక్కారు. ఆమె జేబు తడుముకుని నా పక్కకొచ్చింది.

"అన్నయ్యా, ఒక పుల్ల మిగిలింది. ఆకుపచ్చ టోపీ పెద్దాయన రాలేదు."

నాకప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం ట్రిప్పులో, ఆమె వెనక టికెట్లు కొడుతుండగా, మలుపు దగ్గర ఆ పెద్దాయన ఒక కారు పక్కన నిలబడి టోపీ ఊపాడు. కారు చూపించి, వెళ్తున్నానని సైగ చేశాడు. నేను తలాడించాను. తర్వాత మరిచిపోయాను.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే, ఈ బస్సు వేళకి చేరితే రేపు పొద్దున తలుపు దగ్గర ఈమె బదులు ఇంకెవరో నిలబడి ఉంటారన్న సంగతి తట్టింది. నోరు మూసుకున్నాను. అంత నీచమైన పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

బస్సులో గోల మొదలైంది. "ఒక్కడి కోసం ఇంతమందిమి పడుండాలా?" అని ఒకాయన కేకలేశాడు. ఆమె దారి వైపూ గడియారం వైపూ మార్చి మార్చి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి సగం కరిగాను, సగమే.

"ఏ కారులోనో వెళ్లిపోయుంటాడు చెల్లెమ్మా."

"మీరు చూశారా?"

"లేదు. ఊరికే అంటున్నా."

ఆమె దిగింది. ఆ కాళ్లతోనే గట్టు ఎక్కుతూ "పెద్దాయనా!" అని పిలుచుకుంటూ పోయింది. నేను తేలు కుట్టిన దొంగలా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి ఆమె చెప్పు తెగి ఉంది. కొండ కాపలాదారుకి ఫోను చేసి, అతను వెతుకుతానన్నాకే రైట్ చెప్పింది. నలభై నిమిషాలు ఆలస్యం. కుర్చీ వేరేవాళ్లకి పోయింది. "పోతే పోయింది అన్నయ్యా, ఆయన బతికుంటే చాలు" అంది.

మూడు వారాల తర్వాత ఆకుపచ్చ టోపీ మా బస్సెక్కింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"మీరు క్షేమమేనా? ఆ రోజు ఎంత వెతికామో!"

"నన్నా? ఎందుకమ్మా? మా అల్లుడి కారులో వెళ్తున్నానని డ్రైవరుగారికి సైగ చేశాను కదా. ఆయన తలాడించారు కూడానూ."

అద్దంలో ఆమె నన్ను చూసింది. నేను రోడ్డు చూశాను. ఆ రోజు నా మాత్ర సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మర్నాడు మేనేజరు దగ్గరికెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. "కిటికీలో మనిషి చేరిపోయిందయ్యా, ఇంకో ఖాళీ వస్తే చూద్దాం" అన్నాడు. ఆ మాటే ఆమెకు చెప్పాను. సరేనంది. తిట్టలేదు. తిట్టినా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఇప్పుడు సాయంత్రం పుల్లలన్నీ కుడి జేబులో చేరాక కూడా ఆమె వెంటనే రైట్ అనదు. నా పక్కకొచ్చి నిలబడుతుంది.

"డ్రైవరుగారూ, మీరెవరినైనా చూశారా?"

"లేదమ్మా."

"నిజంగా?"

"నిజంగా."

అప్పుడు వెనక్కెళ్లి బెల్లు కొడుతుంది. కడ్డీ పట్టుకుని, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంది. అది అద్దంలో చూస్తూ నేను కూర్చున్న చోటి నుంచే బండి తీస్తాను.