ఫెయిల్ అని రాసిన మనిషి

మా సార్ పోయారు. గురువారం ఉదయం నల్లపాడులోని ఇంట్లో, కాఫీ తాగి పేపర్ చదువుతూ కుర్చీలోనే వెళ్లిపోయారట. కబురు తెలిసిన గంటకి మా ఆఫీసు గ్రూపులో మేనేజర్ గారు సంతాపం పెట్టారు: "పాత తరం మనిషి, పాత మెషీన్ల మనిషి." నాకు ఒళ్లు మండింది. ఏది పాత? ఎన్నో ఊళ్ల జనం బీమా పాలసీలు ఈ రోజుకీ మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. దాన్ని పాతదని ఈసడించేవాళ్ల పాలసీలు కూడా అందులోనే ఉన్నాయి.

నేను ప్రత్తిపాడు నుంచి వచ్చి మంగళగిరి దగ్గరున్న ఆ ఆఫీసులో చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆయనే. మా పని చెప్పుకోవడానికి చిన్నదే. మా క్లయింటైన బీమా కంపెనీ పాలసీల సమాచారం ఏ డిస్క్‌లో ఉండాలో చూడటం, దాన్ని ఎవరు చూడొచ్చో ఎవరు చూడకూడదో తేల్చడం, మెషీన్ చెడిపోతే పోయినదాన్ని మళ్లీ నిలబెట్టడం. సార్ ప్రతి శనివారం చెప్పాపెట్టకుండా పరీక్ష పెట్టేవారు. టెస్ట్ కోసం ఉంచిన ఫైళ్లలో ఒకదాన్ని తనే చెరిపేసి, నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడేవారు.

"ఏమ్మా, ఫైల్ పోయింది. తెచ్చిపెట్టు."

"బ్యాకప్ ఉంది సార్."

"ఉందని నాకు చెప్పొద్దు. తెచ్చి చూపించు."

ఫైల్ వచ్చేదాకా ఆయన టీ తాగేవారు కాదు, నన్నూ తాగనిచ్చేవారు కాదు. ఎన్నిసార్లు లోపల్లోపల తిట్టుకున్నానో.

ఒకసారి మేనేజర్ గారు అన్ని ఫైళ్లూ చూసే అనుమతి కావాలన్నారు. "ఏ ఫైల్‌తో పనో చెప్పండి, దానికే ఇస్తాను" అన్నారు సార్. "మేనేజర్‌నండీ నేను" అన్నారాయన. "అవునండి. ఏ ఫైలో చెప్పండి" అన్నారు సార్, అదే గొంతుతో. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. పట్టు సడలించడం కూడా చూడలేదు.

ఏడాదికోసారి పెద్ద పరీక్ష ఉంటుంది. మెషీన్ మొత్తం పోయిందనుకుని, బ్యాకప్‌లతో వేరే మెషీన్ మీద అంతా మళ్లీ నిలబెట్టాలి. నేను చేరిన ఏడు ఆ బ్యాకప్‌ల బాధ్యత నాది. ఫైళ్లన్నిటికీ కాపీలు తీశాను. కానీ ఏ ఫైల్ ఎక్కడుందో తెలిపే జాబితా ఒకటుంటుంది, క్యాటలాగ్ అంటాం. దాని కాపీని మాత్రం అసలున్న డిస్క్‌లోనే దాచాను. పరీక్షలో ఆ డిస్క్ పోయిందనేసరికి అసలూ పోయింది, కాపీ కూడా పోయింది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి నింపిన టిక్కీ బస్తాలన్నీ భద్రంగా ఉండి, ఎవరివి ఏ గదిలో ఉన్నాయో రాసిన పుస్తకం తగలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది మా పరిస్థితి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి మేనేజర్ గారు సార్‌ని బతిమాలుతున్నారు.

"క్లయింట్ వాళ్లు వచ్చే వారం వస్తున్నారండి. చిన్న లోపాలతో పాస్ అని రాసెయ్యండి. ఫైళ్లయితే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. తేలేకపోయాం" అన్నారు సార్.

రిపోర్టులో ఫెయిల్ అని రాశారు. కారణం దగ్గర నా పేరు వస్తుందనుకున్నాను. "క్యాటలాగ్ కాపీ ఎక్కడుందో నేను సరిచూడలేదు" అని రాసి సంతకం పెట్టారు. నెల తిరక్కుండా ఆయన్ని టీమ్ లీడ్ పదవి నుంచి తప్పించి, రిపోర్టులు చదవడం తప్ప వేరే పనిలేని మూల బల్లకి పంపారు. ఆ రోజు ఆయన నన్ను పిలిచి "ముందు నా పర్మిషన్లు తీసెయ్యమ్మా" అన్నారు. తీశాను. ఆయన వంగి తన పాస్‌వర్డ్ కొట్టి చూశారు. అనుమతి లేదని తెర మీద వచ్చింది. "బాగుంది" అన్నారు.

రిటైరయ్యేదాకా రెండేళ్లు ఆ మూలే కూర్చున్నారు. పంతానికి పోయి చెడిపోయాడని ఆఫీసంతా జాలిపడింది. ఆ జాలి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఆయన్ని సాగనంపి వచ్చిన మర్నాడు, శనివారం, ఈ ఏటి పెద్ద పరీక్ష. ఇప్పుడు టీమ్ లీడ్‌ని నేను. అన్నీ లేచాయి, క్లెయిముల ఫైల్ ఒక్కటి తప్ప. ఇంట్లో మనిషి పోయినవాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు అందులో ఉంటాయి. దాని బ్యాకప్ సగంలో ఆగిపోయి ఉంది. నేను గమనించలేదు.

"ఒక్క ఫైలేగా మేడమ్, పాస్ అని రాసెయ్యండి" అన్నారు అదే మేనేజర్ గారు. "మీ సార్ సంగతి చూశారుగా."

బెదిరించడానికి ఈయనకి మా సారే దొరికారా?

"చూశానండి" అన్నాను. "అందుకే ఫెయిల్ అని రాస్తున్నాను."

రాశాను. కింద "సరిచూడవలసింది నేను" అని కూడా రాసి సంతకం పెట్టాను.

సోమవారం నన్నూ మూల బల్లకి మార్చారు. అక్కడ నేనెప్పుడూ కూర్చోలేదు. పక్కనే పడమటి కిటికీ. మూడు దాటేసరికి ఎండ నేరుగా తెర మీద పడి ఒక్క అక్షరం కనిపించలేదు. రెండేళ్లు ఇక్కడెలా చదివారా అని తలెత్తి చూస్తే, కిటికీ చట్రానికి అటొక మేకు, ఇటొక మేకు, వాటికి చిక్కుకుని తువ్వాలు పీలికలు. కుర్చీ ఎక్కి నా చున్నీని ఆ రెండు మేకులకి కట్టాను. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా తేలాయి. క్లెయిముల బ్యాకప్ ఎక్కడ ఆగిందో దాని రిపోర్టు మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను.