మా ఆయనను చేర్చుకోని సెంటర్

తాగుడు మానడానికి మా ఆయన ఒప్పుకున్న పొద్దున, కుడుతున్న బ్లౌజును మిషన్ మీదే వదిలేసి లేచాను. ఆయన ఇళ్లకు రంగులు వేస్తాడు. చేతులు వణికి బ్రష్షు పట్టలేని స్థితికి వచ్చాడు. ఒప్పుకోవడం ఇది మొదటిసారి కాదు. పొద్దున ఒప్పుకుంటే మధ్యాహ్నానికి మాట మారుస్తాడు. అందుకే మా అత్తమ్మ చేతికందిన బట్టలు సంచిలో కుక్కింది. ఖిలా వరంగల్ నుంచి ఆటో మాట్లాడుకుని నర్సంపేట రోడ్డులో ఉన్న తాగుడు మాన్పించే సెంటర్‌కు పోయాం.

ఆ సెంటర్ నడిపేది ఒక ముస్లిం పెద్దమనిషి. అందరూ భాయ్ అంటారు. ఒకప్పుడు తనూ తాగి, మానినవాడే. మా వాడలో ఇద్దరు ముగ్గురు ఆయన దగ్గర బాగుపడ్డారు. మమ్మల్ని చూసి గేటు దగ్గరికి వచ్చాడు కానీ లోపలికి రమ్మనలేదు.

“తీస్కోలేను చెల్లె. సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఇంక రాలే. డాక్టర్ వచ్చి చూడాలె, నర్సు ఉండాలె అన్నరు ఆఫీసోళ్లు. నర్సు ఇంక చేరలే. అప్పటిదాంక కొత్తోళ్లను తీస్కోనని చెప్పిన.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఒక కాయితం కోసం మనిషిని వాపస్ పంపుతవా భాయ్? నీ గేటుకు గంత పెద్ద తాళమున్నది, సాలదా?”

మా దృష్టిలో మంచి సెంటర్ అంటే తాళం గట్టిగా ఉన్న సెంటరే.

“తాళంతోని తాగుడు పోతదా చెల్లె? పోతె మా అమ్మ నన్ను ఎన్నడో మంచిగ చేసుకునేది” అన్నాడాయన.

ఈ మాటల మధ్య మా ఆయన అప్పుడే రోడ్డు వైపు నడుస్తున్నాడు. “నేను ఇంటికి పోతాన. వద్దన్నంక ఇంకేంది?” అంటున్నాడు. ఈ రోజు పోతే మళ్లీ దొరకడని నాకు తెలుసు. భాయ్ గబగబా వెళ్లి ఆయన భుజం పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. తనూ పక్కన ఎక్కాడు. “జర ఓపిక పట్టు తమ్మీ, పెద్ద దవాఖానకు పోదాం. నేనొస్తాన గదా.” దారి పొడుగునా నేను భాయ్‌ని తిడుతూనే ఉన్నాను. భాయ్ మాత్రం మా ఆయన భుజం మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఏం తాగుతాడని అడిగింది. అత్తమ్మ కాస్త గర్వంగానే చెప్పింది. “ఇప్పుడు సీసాలు బంద్ చేసిండు మేడం. ఒట్టి కల్లే తాగుతాండు.” మా ఇంట్లో కల్లు తాగుడు కిందికి రాదు. సీసా మాన్పించి కల్లుకు దించింది మేమే. దాంట్లోకి అత్తమ్మ చేపముక్కలు వేయించి పెట్టేది కూడా.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. “చెట్టు కల్లా, దుకాణం కల్లా?”

“దుకాణందే.”

కొన్ని దుకాణాల్లో కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారని, ఒళ్లు దానికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయని, ప్రాణం మీదికి కూడా వస్తుందని ఆమె విడమరచి చెప్పింది. మందులిస్తూ మెల్లగా దించాలట, అందుకని అక్కడే వార్డులో చేర్చుకున్నారు. మా వెనక నిలబడ్డ భాయ్ బెంచీ మీద కూలబడ్డాడు. “నాకైతె గిది అడగాల్నని తెల్వనే తెల్వదు చెల్లె” అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం నేను బత్తాయి ఒలుస్తుంటే, పక్కనే మా ఆయన ఒళ్లు కర్రలా బిగుసుకుపోయింది. కళ్లు తేలేశాడు. నా కేక పూర్తి కాకముందే నర్సు వచ్చి ఆయన్ని పక్కకు తిప్పింది, ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి ఊపిరి దారిన పడింది. మంచం పక్కన నేల మీద కూర్చుని అత్తమ్మ ప్రభువా ప్రభువా అంటూనే ఉంది. నాకు మాత్రం ఆ తాళం వేసిన గేటే కళ్లముందుకొచ్చింది. లోపల నర్సు లేదు, డాక్టర్ లేడు. తాగుడు కోసం నటిస్తున్నాడు, వదిలెయ్యండి అనేవాళ్లే ఉండేవారేమో. నర్సు చేతులు పట్టుకుని ఏడ్చాను.

తర్వాత సెంటర్‌కు రిజిస్ట్రేషన్ వచ్చింది. నర్సు చేరింది, డాక్టర్ వచ్చి చూసిపోతున్నాడు. మిగతా చికిత్స కోసం మా ఆయన అక్కడే చేరాడు. ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చన్నది కూడా ఒక నియమమట. దాన్ని ఈయన బాగా వాడుకున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఉప్మాలో ఉప్పు లేదని నా ప్రాణం తీశాడు. ఆ సణుగుడు వినడం ఎంత బాగుండేదో చెప్పలేను.

ఇంటికొచ్చాక ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకోవడం మాకు ఆనవాయితీ. మా పిలుపు మీద భాయ్, ఆయన భార్య వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. నలుగురిలో నోరు విప్పని మా ఆయన, దేవునికి స్తోత్రమని ఆగిపోయాడు. ఇక కూర్చుంటాడేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి భాయ్‌ని చూపించాడు.

“గా భాయ్ ఆ దినం నన్ను లోపలికి తీస్కోలే. గందుకే ఇయ్యాల మీ ముంగట నిలబడ్డ.”