కొల్లేటి తిట్టుకు నేను రాసిన ఇంగ్లీషు

నా అంతట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా సగమే రాసుకున్నాను: కొల్లేట్లో చేపలమ్మే ఒకావిడ తిట్టిన తిట్టును నేను ఇంగ్లీషులో సూక్తిగా మార్చాను. అది చదివి నాలుగైదు దేశాల్లో జనం కళ్ళు తుడుచుకున్నారు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీది గదిలో, డాక్యుమెంటరీల కింద వచ్చే ఇంగ్లీషు మాటలు రాయడం నా పని. మనుషులతో మాట్లాడక్కర్లేని ఉద్యోగమని చేరాను. మా దర్శకుడుగారు ఢిల్లీలో పెరిగిన తెలుగువారు. తెలుగులో ఆయనకు నమస్కారం, పెసరట్టు బాగా వచ్చు. సినిమాతో ప్రపంచాన్నంతా కలపాలన్నది ఆయన కోరిక. నిజంగానే మంచి మనిషి. నా కష్టమంతా అక్కడే వచ్చింది.

షూటింగులో ఆ చేపలావిడ చేత మూడు రోజులపాటు గంప ఎత్తించి, దోనె దిగించి, బాగా రాలేదని మళ్ళీ ఎక్కించారట. మూడో సాయంత్రం ఆవిడ నీళ్ళకేసి చూస్తూ, చాలా నెమ్మదిగా, "వీళ్ళ సినిమా తగలెయ్య. చేపంతా మెత్తబడిపోయింది. ఒక్కొక్కణ్ణీ ఈ నీళ్ళలోకి తోసేస్తేగానీ పీడ వదల్దు" అంది. వెనక ఎర్రటి ఆకాశం, కొంగల బారు.

మా గదిలో ఆ దృశ్యం చూస్తూ దర్శకుడుగారు అక్కడ బొమ్మ ఆపి, కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. "ఆ ముఖంలో ఎంత ప్రశాంతతో చూశారా? ఏమంటున్నారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

మిమ్మల్ని నీళ్ళలోకి తోసేస్తానంటోందని ఆయన ముఖం చూస్తూ ఎలా చెప్పను? "ఈ నీళ్ళకు పరాయివాళ్ళు లేరు, ఎవరొచ్చినా తమలో కలుపుకుంటాయి" అని ఇంగ్లీషులో టైపు చేశాను. తోసెయ్యడానికీ కలుపుకోవడానికీ మరీ అంత దూరం లేదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నారు. ఆ మాట పోస్టరుకెక్కింది.

సినిమా ఏడాదిపాటు విదేశాల్లో తిరిగింది. ఇక్కడ వేసినా భయం లేదనుకున్నాను. తెలుగు తెలిసినవాళ్ళు కింది అక్షరాలు చదవరు, చదివేవాళ్ళకు తెలుగు రాదు. ఆ సందులో హాయిగా దాక్కున్నాను. అంతలో గవర్నర్‌పేటలో ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టారు. ముఖ్య అతిథులు ఇద్దరు: ఆ చేపలావిడ, పోస్టరు మాటకు కరిగిపోయి విమానమెక్కి వచ్చిన ఒక విదేశీ పెద్దావిడ. ఒకరి మాట ఒకరికి చెప్పడానికి మధ్య కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఇద్దరిలో ఎవరు ఏం అడిగినా నా అబద్ధం బయటపడుతుంది, ఉద్యోగమూ పోతుంది.

ఆ దృశ్యం రాగానే హాలంతా ఘొల్లున నవ్వింది. ఎవరో ఈల కూడా వేశారు. నా ఎడమ పక్కన విదేశీ ఆవిడ కర్చీఫు తీసింది. జనం ఎందుకు నవ్వారని దర్శకుడుగారు తర్వాత అడిగితే, "మనవాళ్ళంతేనండీ, మనసు కదిలితే నవ్వేస్తారు" అన్నాను. ఆయన అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నారు.

లైట్లు వెలిగాక విదేశీ ఆవిడ చేపలావిడ చేతులు పట్టుకుని గబగబా ఏదో చెప్పింది.

"మీ మాట చదివాక, ఏళ్ళ తరబడి మాటల్లేని చెల్లెలికి ఫోన్ చేశారటండీ" అన్నాను.

"నా మాటా? ఏం మాట?"

గోడ మీది పోస్టరు చూపించి తెలుగులో చెప్పాను.

"అంత మాట నేనెప్పుడన్నాను? నే తిట్టింది ఇందాక హాలంతా విన్నారు గదా. ఈవిడకి తెలీదా?"

తల అడ్డంగా ఊపి, చెప్పులకేసి చూసుకున్నాను. దర్శకుడుగారు రెండు అడుగుల దూరంలోనే ఉన్నారు. ఆయన్ని పిలిచిందంటే నా పని అయిపోయినట్టే. ఆవిడ పిలవలేదు.

"చెల్లెలితో మాట్లాడి మంచి పని చేసిందని చెప్పు" అంది.

చెప్పాను. ఆ సినిమా మొత్తానికి ఆవిడ మాట ఉన్నదున్నట్టుగా ఇంగ్లీషులోకి వెళ్ళింది అదొక్కటే అనుకుంటాను. విదేశీ ఆవిడ ఆమెను కావలించుకుంది. ఫొటోలు తీశారు. ప్రపంచం కలిసింది.

హాలు మెట్లు దిగుతూ ఆవిడ నా భుజం పట్టుకుంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నీకు నోరు లేదు, సరే. నాకున్నది కూడా తీసుకుపోయావేంటమ్మా?"